చెరువు ఎవరిది? ప్రపంచ న్యాయ సిద్ధాంతాలకు వెలివాడ ప్రశ్న

దేశాల మధ్య న్యాయం అనే మాట మన దగ్గర ముఖ్యంగా రెండు చోట్ల వినపడుతుంది. ఒకటి సామ్రాజ్యవాద వ్యతిరేక సభల్లో, రెండు యూనివర్సిటీ పొలిటికల్ సైన్స్, ఫిలాసఫీ క్లాసుల్లో. సభలో శత్రువు అమెరికా. క్లాసులో గురువులూ ఎక్కువగా అమెరికా యూనివర్సిటీల వాళ్ళే. దళిత విద్యార్థులు రెండు చోట్లా ఉంటారు. సభలో జెండా మోస్తారు, క్లాసులో నోట్సు రాసుకుంటారు. కానీ అడగాల్సిన ఒక ప్రశ్న రెండు చోట్లా నోట్లోనే ఉండిపోతుంది: ‘దేశం’ అంటున్నారు, ‘ప్రజ’ అంటున్నారు, అందులో మా వాడ ఎక్కడుంది?

యుద్ధం ఎప్పుడు న్యాయం? ధనిక దేశాలు పేద దేశాలకు ఏం బాకీ? ఆకలి చావులకు జవాబుదారీ ఎవరు? ఈ ప్రశ్నల మీద గత యాభై ఏళ్ళలో పాశ్చాత్య తత్వశాస్త్రం చాలానే రాసింది. వాళ్ళలో నలుగురి పేర్లు మన విద్యార్థులకు తరచు తగులుతాయి: పీటర్ సింగర్, మైకేల్ వాల్జర్, జాన్ రాల్స్, థామస్ పొగె. ‘వీళ్ళంతా పాశ్చాత్యులు, మనకెందుకు’ అని కొట్టిపారేయడం తేలిక. అది అగ్రవర్ణ జాతీయవాదం చేసే పని, మన పని కాదు. వీళ్ళు సాధించింది ఒప్పుకుంటూనే, ఎక్కడ ఆగిపోయారో చూపించాలి. నలుగురూ ఆగింది దాదాపు ఒకే చోట అని నా వాదన. దేశాన్ని వాళ్ళు ఒక మనిషిలాగా చూశారు. ఆ మనిషిలో తలా పాదాలూ వేరువేరు బతుకులని, తల పాదాలను అంటుకోదని వాళ్ళ లెక్కలోకి రాలేదు.

కాందిశీకులకు కులం ఉంది

ఈ చర్చకు 1971 ఒక మొదలు. రాల్స్ ‘ఎ థియరీ ఆఫ్ జస్టిస్’ వెలువడింది ఆ ఏడాదే. తూర్పు బెంగాల్‌లో పాకిస్తాన్ సైన్యం ఊచకోత, లక్షలాది జనం సరిహద్దు దాటి ఇండియాలోకి రావడం కూడా ఆ ఏడాదే. ఆ కాందిశీకుల గురించే సింగర్ ఆ నవంబరులో కరువు, సంపద, నైతికత మీద తన ప్రసిద్ధ వ్యాసం రాశాడు. 1972లో అది అచ్చయింది. డిసెంబరులో ఇండియా సైన్యం చేసిన జోక్యాన్ని వాల్జర్ 1977లో ‘జస్ట్ అండ్ అన్‌జస్ట్ వార్స్’లో మానవతా జోక్యానికి ఉదాహరణగా తీసుకున్నాడు. అంటే ఆకలి గురించిన ఒక ముఖ్యమైన వాదానికీ, యుద్ధం గురించిన ఇంకో ముఖ్యమైన వాదానికీ ముడిసరుకు ఆ కాందిశీకులే.

సింగర్ లెక్కలో వాళ్ళు కనీసం 90 లక్షల మంది. కానీ ఎవరు వాళ్ళు? ఇద్దరికీ వాళ్ళు ఉత్త బెంగాలీలు. వాళ్ళలో ఎక్కువమంది హిందువులుగా లెక్కకెక్కినవాళ్ళనీ, ఆ హిందువుల్లో నామశూద్రుల్లాంటి కింది కులాల సేద్యగాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారనీ ఆ వాదాల్లోకి రాదు. వాదానికి అది అవసరం లేదు కనక రాలేదు. మనకు మాత్రం అవసరం. ఎందుకంటే తూర్పు బెంగాల్ దళిత చరిత్రలో చిన్న చోటు కాదు. 1946లో బొంబాయి నుంచి దారి మూసుకుపోతే అంబేడ్కర్‌ను రాజ్యాంగ సభకు గెలిపించి పంపింది జోగేంద్రనాథ్ మండల్, బెంగాల్ దళిత శాసనసభ్యులూ. విభజన తర్వాత అక్కడి నుంచి వచ్చిన దళిత కాందిశీకులను 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు పేరుతో మల్కన్‌గిరి, బస్తర్ అడవుల్లోకి పంపారు. అక్కడ బతకలేక 1978లో బెంగాల్‌కు తిరిగొచ్చి, సుందరబన్స్‌లో మరీచ్‌ఝాపి అనే దీవి మీద గుడిసెలేసుకున్న వాళ్ళను 1979 జనవరిలో వామపక్ష ప్రభుత్వ పోలీసులు చుట్టుముట్టారు. తిండీ నీళ్ళూ అందకుండా దిగ్బంధం చేశారు. మే నెలలో గుడిసెలు కాల్చి ఖాళీ చేయించారు.

తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళ కోసం 1971లో ఈ దేశం యుద్ధానికి దిగింది. అదే తూర్పు బెంగాల్ నుంచి అంతకు ముందు వచ్చినవాళ్ళకు ఎనిమిదేళ్ళు తిరక్కుండా దీవి మీద నీళ్ళు ఆపింది. 1971 యుద్ధం అన్యాయమని నేననడం లేదు. ఇండియా ఉద్దేశాలు కలగాపులగమే అయినా ఊచకోతను ఆపిందన్న వాల్జర్ మాట ఒప్పుకోవలసిందే. చిక్కు ఇంకో చోట ఉంది. ఒక రాజ్యపు సార్వభౌమత్వాన్ని బయటివాళ్ళు ఎందుకు గౌరవించాలి అంటే, అక్కడి జనం కలిసి నిర్మించుకున్న ఉమ్మడి జీవితాన్ని ఆ రాజ్యం కాపాడుతుంది కాబట్టి అంటాడు వాల్జర్. మనస్సాక్షిని కుదిపేసే ఊచకోత జరిగితేనే ఆ గౌరవం రద్దవుతుంది. ఊరూ వాడా వేరువేరుగా, నీళ్ళు వేరుగా, శ్మశానం వేరుగా ఉన్నచోట ఉమ్మడి జీవితం అంటే ఏమిటి? ఊచకోత కంటికి కనపడుతుంది. వాడకు దారి ఆపడం, కూలి ఆపడం, నీళ్ళు ఆపడం కనపడవు. అవి ఎవరి మనస్సాక్షినీ కుదపవు. కుదపకపోవడమే కులం బలం.

చెరువులో పిల్ల, చెరువు దగ్గర బిందె

సింగర్ వ్యాసంలో అందరికీ గుర్తుండిపోయేది చెరువు ఉదాహరణ. లోతులేని చెరువు పక్కనుంచి నడిచిపోతున్నావు. ఒక పిల్ల మునిగిపోతోంది. దిగితే నీ బట్టలు బురదవుతాయి, అంతే. దిగకపోతే పిల్ల చస్తుంది. దిగాలా వద్దా? దిగాలి అని అందరూ అంటారు. అలాగైతే వేల మైళ్ళ దూరంలో ఆకలితో చచ్చే పిల్ల సంగతేమిటి? దూరం వల్ల బాధ్యత తగ్గదు, పక్కన ఇంకా పదిమంది ఉన్నారు కదా అన్నా తగ్గదు అని సింగర్ వాదం. ఇచ్చేవాడు చేసేది దానం కాదు, విధి. ఇవ్వకపోతే తప్పు.

ఈ వాదాన్ని తక్కువ చెయ్యకూడదు. మన ధర్మశాస్త్రాల్లో దానం అంటే ఏమిటో గుర్తు చేసుకుంటే సింగర్ ఎంత దూరం నడిచాడో తెలుస్తుంది. మనుస్మృతిలో దానానికి శ్రేష్ఠమైన పాత్రుడు ఆకలిగొన్నవాడు కాదు, వేదం చదివిన బ్రాహ్మణుడు. అక్కడ దానం పైకి పోతుంది, పుణ్యం ఇచ్చినవాడికి దక్కుతుంది. ఆకలే హక్కు, ఇవ్వడం విధి అన్న సింగర్ మాట ఆ పుణ్యం లెక్కను తిరగేసింది.

కానీ ఆ చెరువు దగ్గర మనం ఇంకాస్త సేపు నిలబడాలి. సింగర్ చెరువుకు యజమాని లేడు. ఎవరైనా దిగవచ్చు. మన చెరువులు అలాంటివి కావు. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేడ్కర్ వేలమందితో చవ్‌దార్ చెరువుకు నడిచి వెళ్ళి దోసెడు నీళ్ళు తాగితే, ఆ తర్వాత సవర్ణులు అస్పృశ్యుల మీద దాడి చేశారు. చెరువును మంత్రాలతో శుద్ధి చేసుకున్నారు. పశువులు తాగొచ్చు, మనుషులు తాగకూడదు. ఆ చెరువులో సవర్ణుల పిల్ల మునుగుతుంటే పక్కన పోతున్న మహర్ దిగవచ్చా? సింగర్ లెక్కలో ఆ మనిషికి పోయేది బట్టల శుభ్రం. మహాడ్ లెక్కలో ఆ మనిషి ప్రాణమే పోవచ్చు. ‘సాయం చేయగలిగే స్థితి’ అనేది అందరికీ ఒకటి కాదన్న సంగతి ఈ ఉదాహరణలోకి రాదు.

ఇంకో చెరువు కారంచేడుది. 1985 జూలై 16న మాదిగలు తాగే నీళ్ళను అగ్రకుల యువకులు బర్రెల కుడితి బాల్చీతో మురికి చేస్తుంటే వద్దన్నందుకు తగువైంది. కొట్టబోతే ఒక మాదిగ స్త్రీ తన బిందె ఎత్తింది. మర్నాడు భూస్వాముల మూక వాడ మీద పడింది. ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్ళు చీరాల చేరి శిబిరం పెట్టుకున్నారు. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ ఎదిగింది.

సింగర్ చెరువులో ఉన్నది పిల్ల. పిల్ల మాట్లాడదు, కారణం చెప్పదు, అడగదు. ఒడ్డున ఉన్నవాడి మనసు ఒక్కటే ఆ కథలో కదిలేది. కారంచేడు చెరువు దగ్గర ఉన్నది బిందె ఎత్తిన స్త్రీ. ఆమె కోరింది తనను నీళ్ళలోంచి తీయమని కాదు, నీళ్ళ మీద తన హక్కు. పేదలను మునుగుతున్న పిల్లగా చూసే సిద్ధాంతం ఎంత దయగలదైనా, బిందె ఎత్తిన మనిషిని చూడలేదు. చెరువులోకి పిల్లను తోసిందెవరు అని కూడా అడగదు.

‘కనీసం కొందరు’

రాల్స్ సంగతి ఇంకా తీవ్రం. 1971 పుస్తకంలో ఆయన చెప్పింది మనకు ఎంతో దగ్గరగా అనిపిస్తుంది: సమాజంలో అట్టడుగున ఉన్నవాళ్ళకు మేలు చేస్తేనే అసమానతకు సమర్థన ఉంటుంది. కానీ 1999లో ‘ది లా ఆఫ్ పీపుల్స్’కు వచ్చేసరికి ఆ సూత్రం దేశం గడప దాటదు. దేశాల మధ్య ధనిక పేద తేడాలకు అది వర్తించదు. ‘భారం మోసే సమాజాలు’ ఒక క్రమంలో నిలదొక్కుకునేదాకా సాయం చేస్తే చాలు, తర్వాత ఆపేయవచ్చు. ఒక దేశం ఎందుకు పేదది అంటే ముఖ్యంగా దాని రాజకీయ సంస్కృతి, మత సంప్రదాయాలు, జనం కష్టపడే తీరు అంటాడు. కష్టపడే తీరట! పొద్దుగూకులూ కష్టపడేవాళ్ళే ఎందుకు పేదవాళ్ళు, కష్టం అంటనివాళ్ళే ఎందుకు ధనికులు అనేది మన చరిత్ర మొత్తం అడుగుతున్న ప్రశ్న.

అసలు గుట్టు మాత్రం ‘మర్యాదగల నిచ్చెనమెట్ల సమాజం’ అని ఆయన గీసిన బొమ్మలో ఉంది. దానికి కజానిస్తాన్ అని ఊహా దేశాన్ని కూడా కల్పించాడు. అది ప్రజాస్వామ్యం కాదు. అక్కడ మనుషులు సమాన పౌరులుగా కాక సమూహాల సభ్యులుగా లెక్కకొస్తారు. ప్రతి సమూహాన్నీ పాలకులు సంప్రదించాలి. బానిసత్వం ఉండకూడదు, అసమ్మతి చెబితే జవాబివ్వాలి. ఇవి ఉంటే చాలు, ఉదార దేశాలు దాన్ని సాటిదిగా గౌరవించాలి. మరి సమూహం తరఫున మాట్లాడేదెవరు? ఆ ప్రతినిధి సంస్థలో ఆ సమూహానికి చెందినవాళ్ళు కనీసం కొందరైనా ఉండాలి అంటాడు రాల్స్. కనీసం కొందరు!

ఈ రెండు మాటల మీద మనకు పెద్ద అనుభవం ఉంది. 1932 ఆగస్టులో వచ్చిన కమ్యూనల్ అవార్డు అస్పృశ్యులకు 71 స్థానాల్లో ప్రత్యేక నియోజకవర్గాలిచ్చింది. అంటే వాళ్ళ ప్రతినిధిని వాళ్ళే ఎన్నుకుంటారు. గాంధీ ఎరవాడ జైల్లో నిరాహార దీక్షకు దిగాడు. సెప్టెంబరు 24న పూనా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. స్థానాలు 71 నుంచి 148కి పెరిగాయి. ప్రాథమిక ఎంపిక అస్పృశ్యులదే అయినా, ఆఖరి గెలుపు అందరూ ఓటేసే ఉమ్మడి నియోజకవర్గాల్లో. అంటే అస్పృశ్య ప్రతినిధి ఎవరో తేల్చేది సవర్ణ ఓటు. సంఖ్య పెరిగింది, గొంతు తగ్గింది. సమూహానికి చెందినవాళ్ళు ‘కొందరు’ సభలో కూర్చున్నారా అన్నది అసలు ప్రశ్న కాదనీ, వాళ్ళను కూర్చోబెట్టింది ఎవరన్నదే ప్రశ్న అనీ అంబేడ్కర్ 1945 దాకా పుస్తకాలు రాస్తూనే ఉన్నాడు. రాల్స్ 1999లో ఆ ప్రశ్న దగ్గరికి వచ్చి పక్కకు తప్పుకున్నాడు. నిచ్చెనమెట్ల వ్యవస్థ మర్యాదగా ఉండగలదని నమ్మడానికి నిచ్చెన పై మెట్టు మీదైనా ఉండాలి, లేదా నిచ్చెనకు చాలా దూరంలోనైనా ఉండాలి.

పొగె సరిగ్గా చెప్పిందీ, చెప్పనిదీ

రాల్స్ శిష్యుడే అయిన పొగె గురువుతో గట్టిగా తగువు పెట్టుకున్నాడు. 2002లో వచ్చిన ‘వరల్డ్ పావర్టీ అండ్ హ్యూమన్ రైట్స్’లో ఆయన వాదం సూటిగా ఉంటుంది. ధనిక దేశాలు పేదలకు సాయం చేయకపోవడం కాదు నేరం, హాని చేస్తూ ఉండటం నేరం. బలవంతంగా గద్దెనెక్కిన ఎవడినైనా ఆ దేశపు వనరులు అమ్ముకునే హక్కుదారుగా, ఆ దేశం పేరు మీద అప్పు తెచ్చుకునే హక్కుదారుగా ప్రపంచం గుర్తిస్తోంది. చమురు కొనేవాడికీ అప్పిచ్చేవాడికీ అందులో లాభం. బాకీ తీర్చేది మాత్రం జనం. పేదరికానికి కారణాలన్నీ ఆ దేశం లోపలే వెతకడం ఒక మోసం అంటాడు. నలుగురిలోనూ మనకు ఎక్కువ పనికొచ్చేది ఈయనే.

అయితే పొగె వేలు ఎక్కువగా చూపించేది నియంత వైపు. ఎన్నికైన ప్రభుత్వం అమ్మితే? విశాఖ ఏజెన్సీ గనుల లీజుల మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు గుర్తు చేసుకోండి. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని కోర్టు చెప్పవలసి వచ్చింది. ఆ లీజులిచ్చింది తుపాకీతో వచ్చిన నియంత కాదు, ఓట్లతో వచ్చిన ప్రభుత్వం. కొండ ఎవరిది అనే ప్రశ్న ప్రజాస్వామ్యం రాగానే తీరిపోదు.

‘అంతర్గత వ్యవహారం’

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దాచిపెట్టకూడదు. లోపలి కులం గురించి మనం మాట్లాడితే, ‘చూశారా, పేదరికానికి మీ సంస్కృతే కారణం’ అని రాల్స్ లాంటివాళ్ళు చేతులు దులుపుకోవచ్చు. సామ్రాజ్యవాదంతో పోరాటాన్ని పలచన చేస్తున్నారని వామపక్ష మిత్రులు అనవచ్చు. ఈ రెంటికీ జవాబు ఒక్కటే: లోపలి నిచ్చెనా బయటి మార్కెట్టూ వేరువేరు యంత్రాలు కావు. తమిళనాడులో రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి తోలు పరిశ్రమను చూడండి. తోలు యూరప్‌కు పోతుంది. పాలారు నది విషమైందని 1996లో సుప్రీంకోర్టే తీర్పు చెప్పింది. తోలు శుద్ధి కార్ఖానాల తొట్లలో దిగి పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది దళితులు. తోలు ముట్టుకునే పని ఎవరిదో కులం ముందే తేల్చిపెట్టింది, ఆ చాకిరీని చవకచేసి పెట్టింది. ఆ చవకను కొనుక్కునేది ప్రపంచ మార్కెట్టు. కొనేవాడు కులం పుట్టించలేదు, కానీ కులం మీద లాభం తీస్తున్నాడు. ఒకరి తప్పు ఇంకొకరి తప్పును మాఫీ చేయదు.

మన పాలక కులాలు మాత్రం ఈ గడపను తమకు కావలసినట్టు వాడుకున్నాయి. 1946లో దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద జాతి వివక్షను ఇండియా ఐక్యరాజ్యసమితికి తీసుకుపోయింది. ఇది మా అంతర్గత వ్యవహారం అన్నాడు స్మట్స్. కాదు, మానవ హక్కులకు సరిహద్దులుండవు అన్నది ఇండియా వాదం. ఇండియా గెలిచింది, గెలవాల్సిందే. 2001లో డర్బన్‌లో జాతి వివక్ష వ్యతిరేక ప్రపంచ సదస్సు జరిగినప్పుడు దళితులు కులాన్ని చర్చకు పెట్టమన్నారు. కులం జాతి కాదు, ఇది మా అంతర్గత వ్యవహారం అన్నది ఇండియా ప్రభుత్వం. యాభై అయిదేళ్ళలో స్మట్స్ వాదం ఢిల్లీ వాదమైంది. సదస్సు సెప్టెంబరు 8న ముగిసింది. మూడు రోజులకు న్యూయార్క్ టవర్లు కూలాయి, అక్టోబరులో అఫ్ఘానిస్తాన్ మీద యుద్ధం మొదలైంది. ప్రపంచం మాట మార్చేసింది. అయినా 2002లో ఐరాస జాతి వివక్ష నిర్మూలన కమిటీ, పుట్టుకను బట్టి చూపే వివక్షలో కులం కూడా ఉందని తన 29వ సాధారణ సిఫార్సులో స్పష్టం చేసింది.

ఈ దారి డర్బన్‌లో కొత్తగా వేసింది కాదు. అమెరికా నల్లవాళ్ళు ఐరాసకు పెట్టుకున్న పిటిషన్ కాపీ కావాలని 1946లోనే అంబేడ్కర్ డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. షెడ్యూల్డు కులాల పరిస్థితి మీద ఐరాసకు ఇవ్వడానికి తానొక నివేదిక తయారు చేశాననీ, రాజ్యాంగ సభకు, రాబోయే పార్లమెంటుకు ఒక అవకాశం ఇద్దామని ఆపాననీ 1951లో మంత్రి పదవికి రాజీనామా చేస్తూ చెప్పాడు. ఆ ప్రకటనలోనే ఇంకో రెండు సంగతులున్నాయి. 350 కోట్ల రాబడిలో 180 కోట్లు సైన్యానికే పోతోందని లెక్క చెప్పాడు. చూపంతా కాశ్మీరు మీదే పెట్టి తూర్పు బెంగాల్‌లోని మనవాళ్ళను మరిచారని నిలదీశాడు. యుద్ధం ఖర్చు, పేదల ఆకలి, సరిహద్దుకు అవతల ఉన్న జనం: ఈ మూడింటినీ కలిపి చూసిన మనిషి మన సిలబస్‌లో ‘అంతర్జాతీయ న్యాయం’ పాఠంలో లేడు. ‘రిజర్వేషన్లు’ పాఠంలో ఉన్నాడు.

రోహిణి నది దగ్గర

ఆయన మరణం తర్వాత 1957లో వెలువడిన ‘ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ’లో అంబేడ్కర్ సిద్ధార్థుడి గృహత్యాగం కథనే మార్చేశాడు. ముసలివాణ్ణీ రోగినీ శవాన్నీ చూసి ఇల్లు వదిలాడన్న పాత కథను ఒప్పుకోలేదు. శాక్యులకూ కోలియులకూ రోహిణి నది నీళ్ళ మీద తగాదా వచ్చింది. శాక్య సంఘం యుద్ధం చేయాలంది. ఇరువైపులా తప్పెవరిదో ముందు విచారించాలని సిద్ధార్థుడు పట్టుబట్టాడు. మెజారిటీ ఓటు యుద్ధానికే పడింది. సైన్యంలో చేరనన్నాడు. శిక్ష తన కుటుంబం మీద పడకుండా దేశం విడిచి పోయాడు.

కథ అక్కడ ఆగితే అది వాల్జర్‌కూ నచ్చేది. ఆగదు. శాక్యులూ కోలియులూ రాజీపడ్డారని తర్వాత కబురొస్తుంది. మరి ఇంటికి పోవచ్చు కదా? పోడు. దేశాల మధ్య యుద్ధం అప్పుడప్పుడూ వచ్చిపోయేది, వర్గాల మధ్య సంఘర్షణ మాత్రం నిత్యం నడుస్తూనే ఉంటుంది, దుఃఖానికి వేరు అక్కడుంది అని తేల్చుకుంటాడు. ఆ వేరు వెతకడానికే ముందుకు పోతాడు. నలుగురు తత్వవేత్తలూ యుద్ధం ఆగిన చోట, సాయం అందిన చోట న్యాయం లెక్క దాదాపు ముగిస్తారు. అంబేడ్కర్ బుద్ధుడు తన లెక్క అక్కడ మొదలుపెడతాడు.

కాబట్టి మన టీచర్లకూ విద్యార్థులకూ ఒక పని ఉంది. రాల్స్‌ను చదవడం మానేయమని కాదు, పూనా ఒప్పందం పక్కన పెట్టి చదవాలి. సింగర్ చెరువును మహాడ్, కారంచేడు చెరువుల పక్కన పెట్టి పాఠం చెప్పాలి. దేశం తరఫున బయట న్యాయం అడిగే ప్రతి గొంతునూ లోపల ఎవరు ఎన్నుకున్నారని అడగాలి. లోపలి అన్యాయాన్ని చూపించి బయటి బాకీ ఎగ్గొట్టే ధనిక దేశాలనూ వదలకూడదు. బాకీ వసూలైనప్పుడు అది ఊళ్ళో ఆగిపోతుందా, వాడ దాకా వస్తుందా అన్నది ఆ లెక్కలో మొదటి పద్దుగా రాయించాలి. ఆ పద్దు మనం రాయించకపోతే ఇంకెవరూ రాయరు.